మూడు రూపాయల ఫీజు నుంచి డెబ్భై గేట్ల దాకా

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్నప్పుడు కార్యదర్శిగారు, "ఇంజనీరువి కదా, నీళ్ళ గురించి ఏదో ఒకటి చెప్పు" అన్నారు. నీళ్ళ గురించే చెబుతాను. కాకపోతే ఒక వకీలు మీదుగా వెళ్ళి నీళ్ళ దగ్గరికి వస్తాను. ఆ వకీలు టంగుటూరి ప్రకాశం పంతులుగారు. మన జిల్లాకు ఆయన పేరే పెట్టుకున్నాం కాబట్టి ఆయన గురించి అందరికీ తెలుసని అనుకుంటాం. నాకూ తెలుసనే అనుకునేవాణ్ణి, ఎనిమిదో తరగతి దాకా.

ఎనిమిదో తరగతిలో ఉండగా, ఆగస్టు 23న ఆయన జయంతికి ఇదే ఆవరణలో, అదిగో ఆ వేపచెట్టు కింద వక్తృత్వపు పోటీ పెట్టారు. నేను రెండు పేజీలు బట్టీపట్టాను. సైమన్ కమిషన్ ఘట్టం రాగానే చొక్కా రెండు చేతులా పట్టుకుని లాగాను. రెండు గుండీలు ఊడి హెడ్మాస్టరుగారి బల్ల మీద పడ్డాయి. చప్పట్లు మోగిపోయాయి. నాకు మొదటి బహుమతిగా ఒక స్టీలు గ్లాసు ఇచ్చారు. ఇంటికెళ్ళాక గుండీల సంగతి అమ్మ విడిగా చూసుకుంది, అది వేరే కథ.

మర్నాడు క్లాసులో మా తెలుగు మాస్టారు నన్ను లేపి ఒక ప్రశ్న అడిగారు. "ఏరా అబ్బాయ్, ప్రకాశంగారు లక్షలు వచ్చే ప్రాక్టీసు వదిలేశారని నిన్న గొంతు చించుకున్నావు. బాగానే ఉంది. ఇంట్లోవాళ్ళని అడిగే వదిలేశారంటావా?" నాకు జవాబు తెలియలేదు. క్లాసంతా నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు. "పెద్దయ్యాక ఆలోచించు" అని కూర్చోబెట్టారు. మాస్టారు ఇవాళ ఈ ముందు వరసలోనే ఉన్నారు. పేరు చెప్పొద్దని ఆజ్ఞ. యాభై ఆరేళ్ళు వచ్చినా ఆయన మాట దాటే ధైర్యం నాకు లేదు, చెప్పను.

ప్రకాశంగారు 1872లో ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టారు. పదకొండేళ్ళప్పుడు తండ్రి గోపాలకృష్ణయ్యగారు పోయారు. తల్లి సుబ్బమ్మగారు పిల్లల్ని వెంటబెట్టుకుని ఒంగోలు వచ్చి పూటకూళ్ళ ఇల్లు పెట్టారు. ఆ రోజుల్లో పరువుగల కుటుంబంలోని వితంతువు పదిమందికి వండి వడ్డించి డబ్బు తీసుకోవడం అంటే ఎన్ని మాటలు పడాలో ఇక్కడున్న పెద్దవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. ఆ ఇంట్లోంచే కొడుకు బడికి వెళ్ళాడు. పరీక్షకు మూడు రూపాయల ఫీజు కట్టాల్సి వచ్చింది. ఇంట్లో లేవు. తల్లి తన పట్టుచీర తాకట్టు పెట్టి ఆ మూడు రూపాయలూ తెచ్చింది.

అక్కడితో అయిపోలేదు. పిల్లవాడు అంత బుద్ధిమంతుడేమీ కాదు. నాటకాల పిచ్చి. ఆడవేషాలు బాగా వేసేవాడు. ఆకతాయి స్నేహాలూ ఉండేవి. తన 'నా జీవిత యాత్ర'లో ఈ సంగతులేవీ ఆయన దాచుకోలేదు. ఇలాంటి పిల్లవాణ్ణి చూసి పనికిరాడని వదిలేసే మాస్టర్లు ఎప్పుడూ ఉంటారు. ఒంగోలు మిషన్ స్కూలులో ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారనే మాస్టారు వదల్లేదు. ఆయన రాజమండ్రికి మకాం మారుస్తూ ఈ కుర్రవాణ్ణి కూడా వెంట తీసుకుపోయారు. అక్కడ చదివించారు. తరవాత మద్రాసు పంపి లా చదివించారు. సొంత కొడుకుని చదివించడానికే వెనకాముందూ చూసుకునే కాలంలో, పూటకూళ్ళమ్మ కొడుకుని ఒక బడిపంతులు అంతదూరం మోశారు. ప్రకాశంగారికి ఊరూరా విగ్రహాలు ఉన్నాయి. హనుమంతరావు నాయుడుగారి విగ్రహం మాత్రం నా కంటపడలేదు.

ఈ భాగం నాకు చరిత్ర పాఠంలా అనిపించదు, దానికో కారణం ఉంది. నేను పదోతరగతిలో ఉన్న ఏడు పొగాకు ధర పడిపోయింది. మా నాన్న కౌలు కట్టలేక తల పట్టుకుని కూర్చున్నాడు. పరీక్ష ఫీజుకి ఆఖరి తేదీ వచ్చింది. నేను అడగలేదు. రేపట్నించి బడికి వెళ్ళకూడదని నాకు నేనే నిర్ణయించేసుకున్నాను. మర్నాడు అటెండరు ఇంటికొచ్చి, "నీ ఫీజు కట్టేశారంట, హాల్‌టికెట్టుకి ఫోటో తెమ్మంటున్నారు" అన్నాడు. ఎవరు కట్టారో అతను చెప్పలేదు. నాకు తెలిసింది ఇంజనీరింగు అయ్యాక. ఇందాక పేరు చెప్పొద్దని ఆజ్ఞ ఉందన్నానే, ఆ మనిషే.

సరే, ప్రకాశంగారి దగ్గరికి వద్దాం. సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా రాజమండ్రిలో బోర్డు కట్టారు. అంటే కింది కోర్టుల దాకానే, హైకోర్టులో నిలబడి వాదించే హక్కు లేదు. మన భాషలో చెప్పాలంటే డిప్లొమా హోల్డరన్నమాట. పని ఎంత చేసినా పై కుర్చీ దక్కదు. అయినా డబ్బు బాగా సంపాదించారు. ముప్పై దాటీ దాటకుండానే రాజమండ్రి మునిసిపల్ చైర్మన్ అయ్యారు. హాయిగా అక్కడే ఉండిపోవచ్చు. కానీ పై కోర్టులో తనకు చోటు లేకపోవడం ఆయనకు మింగుడుపడలేదు. 1904లో బారిస్టరు చదువుకి ఇంగ్లండు ఓడెక్కారు. మాంసం, మందు, పొగ ముట్టనని తల్లికి మాటిచ్చి వెళ్ళారు. అక్కడ చదువుకుంటూనే దాదాభాయి నౌరోజీ పార్లమెంటు ఎన్నికకు తిరిగి ప్రచారం చేశారు. 1907లో తిరిగొచ్చి మద్రాసు హైకోర్టులో నల్లకోటు తొడిగారు. తెల్లదొరలూ, తమిళ వకీళ్ళూ ఏలుతున్న కోర్టు అది. అందులో ఒంగోలు కుర్రవాడు నిలదొక్కుకుని, పదేళ్ళు తిరక్కుండా మద్రాసులో పెద్ద ఆదాయం ఉన్న వకీళ్ళలో ఒకడయ్యాడు. బంగళాలు కొన్నారు. లా పత్రిక నడిపారు. తిరునల్వేలి కలెక్టరు ఆష్ హత్య కేసులో ముద్దాయి తరఫున నిలబడ్డారు. బిపిన్ చంద్ర పాల్ మద్రాసు వస్తే, సర్కారుకు భయపడి పెద్దమనుషులు మొహం చాటేసిన రోజుల్లో ఆయన సభలో అధ్యక్షత కుర్చీలో కూర్చున్నారు. అంటే, రాజకీయం ఆయనకు 1921లో హఠాత్తుగా పుట్టిన బుద్ధి కాదు.

1921లో అదంతా వదిలేశారు. గాంధీగారి పిలుపు విని ప్రాక్టీసు మానేశారు, అక్టోబరులో మద్రాసు నుంచి 'స్వరాజ్య' ఇంగ్లీషు దినపత్రిక మొదలుపెట్టారు. తరవాత తెలుగు, తమిళంలో కూడా నడిచింది. ఖాసా సుబ్బారావుగారి లాంటి మేటి పాత్రికేయులు అక్కడ పనిచేశారు. పత్రిక నడపడమంటే ఏమిటో మన సంఘం సావనీరు వేసేవాళ్ళని అడగండి. ప్రకటనలు అడుక్కోవడం, ప్రెస్సువాడి బాకీ, కాగితం బాకీ! యాభై ఏళ్ళకొకసారి వేసే పుస్తకానికే ఇంత తలనొప్పి. ఆయన రోజూ ఒక పత్రిక వేశారు, అదీ తెల్లసర్కారుని తిడుతూ! ప్రకటనలు ఎవరిస్తారు? సంపాదించిన ఆస్తులన్నీ ఒక్కొక్కటే దానికి ధారపోశారు. అప్పులయ్యాయి. 1930ల నడిమికి పత్రిక మూతపడింది.

మా నాన్నకి ఈ కథ చెబితే, "పిచ్చిమారాజు" అని ఒక్క మాటన్నాడు. అందులో మెచ్చుకోలు ఎంతో, జాలి ఎంతో నాకు ఇప్పటికీ తేలలేదు. ఇంజనీరుగా నా లెక్క ప్రకారం ఆయన పత్రిక నడిపిన తీరు మంచి నిర్వహణ కాదు. రాబడి చూసుకోకుండా ఖర్చు పెట్టారు. ఆ మాట చెప్పడానికి నేను మొహమాటపడను. కానీ ఆ పద్ధతిలో కాకుండా ఇంకే పద్ధతిలో అలాంటి పత్రికను అన్నేళ్ళు నడపొచ్చో చెప్పమంటే నా దగ్గర ఎస్టిమేటు లేదు.

మా మాస్టారి ప్రశ్న ఇక్కడే వస్తుంది. ఇంట్లో హనుమాయమ్మగారు ఉన్నారు, పిల్లలున్నారు. బంగళాలో కాపురం చూసినవాళ్ళు తరవాత అప్పులవాళ్ళు తలుపు తట్టే కాపురమూ చూశారు. పాఠాల్లో ఈ సంగతి రాదు. త్యాగం చేసింది ఒకరని రాస్తాం. ఆ ఖర్చులో వాటా పడింది ఎంతమందికో రాయం.

1928 ఫిబ్రవరి 3 సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే నా గుండీలతో సహా అందరికీ తెలిసిందే. సైమన్ కమిషన్‌ను నిరసిస్తూ మద్రాసులో హర్తాళ్. హైకోర్టు దగ్గర ప్యారీస్ కార్నరులో కాల్పులు జరిగాయి, పార్థసారథి అనే యువకుడు చనిపోయాడు. పడివున్న ఆ మనిషి దగ్గరికి వెళ్ళనివ్వమని అడిగితే సిపాయిలు తుపాకులు ఎత్తారు. ఈయన రొమ్ము చూపించారు. ఆంధ్రకేసరి అన్న పేరు స్థిరపడింది. చిన్నప్పుడు నాకు చొక్కా చించుకోవడం గొప్పగా కనిపించింది. ఇప్పుడు చదివితే, ఆయన అక్కడికి వెళ్ళింది పడిపోయిన మనిషిని చూడ్డానికి అన్నది గొప్పగా కనిపిస్తోంది. ఇంకొకటి, పదిహేనేళ్ళపాటు నల్లకోటు వేసుకుని నడిచివెళ్ళిన కోర్టు ఆ పక్కనే ఉంది.

1930లో ఉప్పు సత్యాగ్రహానికి మన జిల్లాలోనే దేవరంపాడులో శిబిరం పెట్టారు. తరవాత ఎన్నో జైళ్ళు. 1937లో రాజాజీ మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రి అయ్యి జమీందారీ విచారణ సంఘానికి అధ్యక్షత వహించారు. 1946 ఏప్రిల్ 30న మద్రాసు రాష్ట్రానికి ప్రధాని, అంటే ఇప్పటి ముఖ్యమంత్రి అయ్యారు. పదకొండు నెలలే. ఫిర్కా అభివృద్ధి పథకం మంచి ఆలోచన. అభివృద్ధిని జిల్లా కచేరీలో కాక నాలుగూళ్ళ స్థాయిలో చూడాలన్నది ఇవాళ్టికీ పనికొచ్చేదే. కానీ ఖద్దరు కోసం కొత్త నూలు మిల్లులు రాకూడదని పట్టుబట్టడం నా దృష్టిలో పొరపాటు. జనానికి గుడ్డ కరవైన రోజులవి. సొంత పార్టీవాళ్ళే తిరగబడి దింపేశారు. దానికి ముందే, జనం సభల్లో ఇచ్చిన డబ్బు సొంతానికి వాడుకున్నారని గాంధీగారే ఆక్షేపించారు. నా సంపాదనంతా జనానికిచ్చాను, ఇప్పుడు జనం నన్ను పోషిస్తున్నారు అన్న ధోరణిలో ఈయన సమాధానపడ్డారు. ఇద్దరిలో ఎవరిది న్యాయమో చెప్పగల స్థాయి నాది కాదు. కానీ ఈ సంగతి దాచి ఆయన్ని పొగడటం నాకిష్టం లేదు. నిజాలు దాచే మనిషి కాదాయన.

ఇక నీళ్ళు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. మొదటి ముఖ్యమంత్రి ప్రకాశంగారు. వయసు 81. చేతిలో డబ్బు లేదు, భవనాలు లేవు. డేరాల్లో ఆఫీసులు. అంతకుముందు ఏడు, 1952లో, విజయవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట వరదకు కొంత మేర కొట్టుకుపోయింది. అది 1855లో పూర్తయిన కట్టడం. డెల్టా అంతా దాని మీదే బతికింది. దాన్ని ముంతపోత పోసి అతుకులు వేస్తూ పోదామా, కొత్తది కడదామా అన్న ప్రశ్న వచ్చింది. అతుకులకి డబ్బు తక్కువ. కొత్త ప్రభుత్వం, అందులో ఖాళీ ఖజానా. ఎవరైనా అతుకే ఎంచుకుంటారు. ఆయన కొత్తది కట్టమన్నారు. 1954 ఫిబ్రవరిలో శంకుస్థాపన జరిగింది.

ఇంజనీర్లు కానివాళ్ళకు ఒక్క మాట. ఆనకట్ట అంటే ఏటికడ్డంగా కట్టిన గట్టి గోడ. వరదొస్తే నీళ్ళు దాని నెత్తిమీంచి పోతాయి. బ్యారేజీ అలా కాదు, గోడ పొట్టిగా ఉంటుంది, పైన గేట్లుంటాయి. వరదొస్తే ఎత్తేస్తాం, తగ్గితే దించి నీటిమట్టం నిలబెట్టి కాలవలకు వదుల్తాం. కృష్ణ బ్యారేజీకి నలభై అడుగుల వెడల్పు గేట్లు 70. పైన రోడ్డు కూడా వేశారు. అంతకుముందు బెజవాడ నుంచి గుంటూరు వైపు పోవాలంటే రైలైనా ఎక్కాలి, పడవైనా ఎక్కాలి. ఇప్పుడు దాని కింద 12 లక్షల ఎకరాలకు పైగా సాగవుతోంది. అక్కడ పండిన బియ్యం ఈ సభలో తినని వాళ్ళు ఎవరూ ఉండరు. మధ్యాహ్నం తినబోయేది కూడా బహుశా అదే.

ఆయన ప్రభుత్వం మాత్రం పూర్తిగా పదమూడు నెలలు నిలిచిందంతే. 1954 నవంబరులో మద్యనిషేధం విషయమై అవిశ్వాస తీర్మానం వచ్చింది. ఒక్క ఓటుతో ఓడిపోయారు. హైకోర్టు గుంటూరుకు, విశ్వవిద్యాలయం తిరుపతికి వచ్చింది ఆ పదమూడు నెలల్లోనే. దిగిపోయాక ఊరుకున్నారా అంటే లేదు. 84 ఏళ్ళ వయసులో మే నెల ఎండలో మన ఒంగోలు ప్రాంతంలో పల్లెలు తిరిగారు. వడదెబ్బ తగిలింది. హైదరాబాదులో 1957 మే 20న పోయారు. బ్యారేజీ ఆ డిసెంబరులో పూర్తయింది. ఆయన చూడలేదు. పేరు మాత్రం ఆయనదే పెట్టారు.

2009 అక్టోబరు మొదటి వారంలో నేను ఆ బ్యారేజీ మీద వరద డ్యూటీలో ఉన్నాను. 70 గేట్లూ ఎత్తేశాం. అది తట్టుకునేలా కట్టింది 11 లక్షల 90 వేల క్యూసెక్కులకు. గేజీ దగ్గర లస్కరు గంటగంటకీ చెబుతున్న అంకె 11 లక్షల దాకా వచ్చింది. రాత్రి రెండింటికి కాళ్ళ కింద స్లాబు సన్నగా వణుకుతుంటే నాతో ఉన్న పెద్ద లస్కరు, "పంతులుగారు కట్టించింది సార్, పోదు" అన్నాడు. అది ఇంజనీరింగు కాదు. కానీ ఆ రాత్రి నేను చదివిన హైడ్రాలిక్స్ కంటే ఆ మాటే ఎక్కువ ధైర్యమిచ్చింది. 2024 సెప్టెంబరులో 11 లక్షల 43 వేలొచ్చింది. పడవలు కొట్టుకొచ్చి గుద్ది కౌంటర్‌వెయిట్లు దెబ్బతిన్నాయి. కట్టడం నిలిచింది. అతుకు వేసి ఊరుకుని ఉంటే ఏమయ్యేదో లెక్క వెయ్యడం నాకిష్టం లేదు.

చివరికి నా సంగతి ఒకటి చెప్పి దిగిపోతాను. ఉద్యోగంలో చేరిన నాలుగో ఏట, ఒక కాలవ పనికి కొలతలు రాయాల్సివచ్చింది. లైనింగు మందం కాగితం మీద ఉన్నంత నేల మీద లేదు. ఎంబుక్కులో సంతకం పెట్టనన్నాను. నెలలోపే బదిలీ. పిల్ల కడుపులో ఉంది. మా ఆవిడ అత్తగారింట్లో, నేను ఏజెన్సీలో ఒక రేకుల గదిలో. ఏడాదిన్నర అలా గడిచింది. ఆ గదిలో పడుకుని మాస్టారి ప్రశ్న గుర్తు తెచ్చుకున్నాను. ఇంట్లో అడిగానా? అడగలేదు. మొహానికి వీరుడి కళ తెచ్చుకుని ఇంటికొచ్చి చెప్పాను, అంతే. పన్నెండేళ్ళ తరవాత అలాంటి సందర్భమే ఇంకోటి వచ్చింది. అప్పుడు ఇద్దరు పిల్లల చదువులున్నాయి. సంతకం పెట్టలేదు, పెట్టననీ అనలేదు. మెడికల్ లీవు పెట్టాను. వేరేవాళ్ళు సంతకం పెట్టారు. ఈసారీ ఇంట్లో అడగలేదు. ఈ రెండో సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ప్రకాశంగారి గురించి మాట్లాడటానికి నిలబడి నా మొదటి సంగతి చెప్పుకుని రెండోది దాచుకుంటే బాగుండదనిపించింది.

రిజిస్ట్రేషన్ బల్ల పక్కన ఒక చెక్కపెట్టె ఉంది. ఈ ఏడు పదోతరగతి ఫీజు కట్టలేని పిల్లల కోసం సంఘం పెట్టింది. వేసేవాళ్ళు పేర్లు రాయనక్కర్లేదు, పిల్లలకు ఎవరూ చెప్పరు. ఆ పద్ధతి ఎవరు నేర్పారో ముందు వరసలో ఉన్నవారికి తెలుసు.

మాస్టారూ, మీ ప్రశ్నకి నలభై ఏళ్ళు దాటినా జవాబు తేలేకపోయాను. మా ఆవిడ మూడో వరసలో కూర్చుని ఉంది. లీవు సంగతి ఆవిడ కూడా ఇప్పుడే వింటోంది, మొహం చూస్తే తెలుస్తోంది. మిగతాది ఇంటికెళ్ళాక నేను వింటాను. భోజనాలకు పిలుస్తున్నారు.